పడని డ్రోన్, పగలని పెంకు

గుండుగొలను,
జూన్ 4.

డేగకన్ను రూఫ్ ఇన్‌స్పెక్షన్స్ యజమాని శ్రీహరి గారికి,
తాడేపల్లిగూడెం.

నమస్కారాలండీ.

ఈ ఉదయం మా పుస్తకాల గదిలో, కారే చోట పెట్టిన సత్తుగిన్నెలో ఒక నల్లటి ఈక తేలుతూ కనిపించింది. కిటికీలు మూసే ఉన్నాయి. తలుపూ మూసే ఉంది. ఆ ఈకను చూశాక మీకు రాయక తప్పదనిపించింది.

ఫోన్ చేయవచ్చు కదా అని మీరనుకోవచ్చు. కొత్తవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడడం నా వల్ల కాదు. అదృష్టం కొద్దీ మీ కరపత్రంలో "ఫిర్యాదులు ఉత్తరం ద్వారా మాత్రమే స్వీకరించబడును" అని ఉంది. నన్ను దృష్టిలో పెట్టుకుని ఎవరైనా ఒక నియమం రాయడం ఇదే మొదటిసారి.

మాది మిషన్ రోజుల నాటి పెంకుటిల్లు. నేనూ, మా అమ్మమ్మ కృపమ్మ గారూ ఉంటాం. పుస్తకాల గదిలో ఒకచోట కారేది. పోయిన వారం మీ అభినవ్ గారు డ్రోన్ తెచ్చి కప్పు చూశారు. చూడకముందు ఒకచోట కారేది, చూశాక రెండుచోట్ల కారుతోంది. ఇది ఇన్‌స్పెక్షన్‌లో భాగమా, అదనపు సేవా అన్నది తెలుపగలరు.

రిపోర్టు ఇంకా రాలేదు. తొందర ఎందుకో చెబుతాను. మా పక్కనున్న చేపల చెరువు తాతాజీ గారిది. తవుడు బస్తాలు పెట్టుకోవడానికి ఆయనకు మా ఇంటి స్థలం కావాలి. "ఏవండీ కృపమ్మ గారూ, తణుకులో అబ్బాయి దగ్గర హాయిగా ఉండక ఆ పెంకుల కింద ఎన్నాళ్ళండీ" అని వారం వారం వచ్చి, కాఫీ తాగి మరీ మా కోసం బాధపడుతుంటారు. ఈసారి అమ్మమ్మ తేల్చి చెప్పేసింది: "పెద్ద వానలు పట్టేలోగా కప్పు బాగైతే ఇక్కడే ఉందామే. కాకపోతే ఆయనకిచ్చేద్దాం." తణుకులో మా ఎడ్విన్ మావయ్యది చిన్న ఫ్లాటు. తాతయ్య పుస్తకాలకు బాల్కనీలో చోటుందన్నాడు. పుస్తకాలంటే పూలకుండీలనుకుంటున్నాడు.

పైనుంచి ఏది వచ్చినా దేవుడు పంపాడని సర్దుకుపోవడం అమ్మమ్మ అలవాటు. నీళ్ళ విషయంలో మాత్రం సర్దుకోవడం లేదు. దయచేసి రిపోర్టు పంపండి.

ఇట్లు,
జ్యోత్స్న.

తా.క. అభినవ్ గారు వెళ్ళేముందు మా గేటు దగ్గర చాలాసేపు ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. "మంచినీళ్ళు తాగుతావా బాబూ" అని అమ్మమ్మ అడుగుతున్నా వినిపించుకోకుండా బండెక్కి వెళ్ళిపోయారు. ఆయన ఆరోగ్యం బాగుందని తలుస్తాను. మీ కరపత్రం మీద "పడని డ్రోన్, పగలని పెంకు" అన్న మాట కూడా బాగుంది.

•

తాడేపల్లిగూడెం,
జూన్ 9.

గౌరవనీయ కస్టమర్ జ్యోత్స్న మేడమ్ గారికి,

డేగకన్ను కుటుంబం తరఫున ఆకాశమంత నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఎంతో ఆనందించాం మేడమ్. మా ఇన్‌స్పెక్షన్‌కు ముందు ఒకచోట కారేదని, ఇప్పుడు రెండుచోట్ల కారుతోందని రాశారు. అంటే ఇన్నాళ్ళూ దాక్కుని ఉన్న రెండో లీకేజీని మా టెక్నాలజీ బయటకు లాగిందన్నమాట! ఈ వాక్యాన్ని మా కరపత్రంలో "కస్టమర్ల ప్రశంసలు" కింద వేసుకోవడానికి అనుమతి ఇవ్వగలరు.

రిపోర్టు జతపరిచాం. నలభై పేజీలు, అన్నీ రంగుల్లో. ముఖ్యమైనవి మాత్రం ఇక్కడ రాస్తున్నాను. మీ కప్పు మీద వేయించిన తెల్లటి కూల్ రూఫ్ కోటింగ్ చాలా దట్టంగా, నాణ్యంగా ఉంది. ఏ కంపెనీదో చెబితే మా ఇతర కస్టమర్లకు కూడా సిఫార్సు చేస్తాం. మీ పొరుగింటి డాబా మీద నల్లటి ద్రవం కారుతున్నట్లు కనిపెట్టాం. వారిని హెచ్చరించగలరు. ఆఖరి ఫోటో కొంచెం మసకగా వచ్చింది. అందులో పాతకాలపు చెక్క పలకలు నిలువుగా ఉన్నాయి. చెదలు పట్టాయి కాబట్టి వెంటనే పీకించి పారేయమని మా సాఫ్ట్‌వేర్ సలహా.

మా అభినవ్ గురించి మీరు కనబరచిన ఆదరణకు కృతజ్ఞతలు. అతను ఆలోచనాపరుడు. ఆకాశం చూడడం మా వృత్తిలో భాగం.

చిన్న మనవి. ఇన్‌స్పెక్షన్ మరింత సమగ్రంగా ఉండడం కోసం మా మనిషి ఒకసారి స్వయంగా మీ కప్పు ఎక్కి చూస్తే బాగుంటుంది. పూర్తిగా ఉచితం.

సదా మీ సేవలో,
శ్రీహరి, ప్రొప్రయిటర్.

తా.క. ఎక్కడానికి ప్రత్యేక కారణం ఏమీ లేదు.

•

గుండుగొలను,
జూన్ 14.

శ్రీహరి గారికి,

నమస్కారాలండీ.

రిపోర్టు అందింది. అమ్మమ్మకు పైకి చదివి వినిపించాను. రిటైరైన టీచరు కదా, మధ్యమధ్య ఎర్ర పెన్ను అడిగింది.

ముందుగా కూల్ రూఫ్ కోటింగ్ సంగతి. అది ఏ కంపెనీదీ కాదండీ, నీటికాకులది. తాతాజీ గారి చెరువు మీద వాలిన పక్షినల్లా వాళ్ళ కాపలా మనిషి టపాకాయలు పేల్చి, తారాజువ్వలు వదిలి తరుముతుంటాడు. గాలిలో ఏది ఎగిరినా తరమడమే అతని ఉద్యోగం. ఆ పక్షులు చెరువులో తిన్నంత తిని, అతను తరమగానే దగ్గరలో ఉన్న మా కప్పు మీదికి వచ్చి తీరిగ్గా సున్నం వేస్తాయి. అంటే సరుకు తాతాజీ గారిది, పనితనం పక్షులది. మీ ఇతర కస్టమర్లకు సిఫార్సు చేయదలిస్తే, ముందు పక్కనే ఒక చేపల చెరువు తవ్వించుకోమనండి.

రెండోది పొరుగింటి డాబా. అక్కడున్నది వెంకటనరసమ్మ గారు. కారుతున్నది ఆవిడ తలకు వేసుకున్న రంగు. "మా వంశంలో నెరుపు లేదమ్మా" అని ఆవిడ ఇన్నేళ్ళుగా ఊరందరికీ చెబుతున్నారు. రిపోర్టు సంగతి అమ్మమ్మ నోరు జారింది. సాయంత్రానికి ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని వచ్చేశారు.

"ఏవమ్మా జ్యోత్స్నా, ఆ ఫోటో ఎంతమంది చూశారే?"

"నేనూ, అమ్మమ్మా, తాడేపల్లిగూడెంలో ఒక సాఫ్ట్‌వేరూ అండీ."

"ఆ సాఫ్ట్‌వేరు ఎవరబ్బాయి?"

నేను మా కప్పు చూడమన్నాను. ఆవిడ డాబా చూడడానికి ఆవిడను ఎవరు అడిగారో, ఆ ఫోటోలు మీ దగ్గర ఎన్నాళ్ళుంటాయో తెలుపగలరు. వెంటనే తీసేయగలరు.

ఇక లీకేజీ. నలభై పేజీల్లో అది ఒక్కటే లేదు. మొన్న మిట్టమధ్యాహ్నం గది తలుపులు మూసి, లైటు ఆర్పి, పైకి చూశాను. రెండుచోట్ల వెలుతురు కనిపించింది. దీనికి బ్యాటరీ అక్కర్లేకపోయింది. తమాషా ఏమిటంటే గిన్నెలు ఉన్నచోట వెలుతురు లేదు. నీళ్ళు కన్నంలోంచి దిగి, వాసం వెంట నడిచి, తమకు నచ్చిన చోట కారుతున్నాయి. పైనుంచి చూసేవాళ్ళకు ఇది తెలిసే వీల్లేదు. పెంకు మీద పెంకు ఉంటుంది. కింది పెంకుకు ఉన్న బీట పై పెంకుకు తెలుసు, డేగకు తెలియదు.

ఆఖరి ఫోటోలో ఉన్నవాటిని పీకించి పారేయమన్నారు. వాటికి చెదలు పట్టలేదండీ. నేను రోజూ చూసుకుంటూనే ఉన్నాను.

మీ మనిషి కప్పు ఎక్కే విషయం అమ్మమ్మతో చెప్పాను.

"ఎవరూ ఎక్కక్కర్లేదనే కదే ఆ డ్రోన్ తెచ్చారు?"

"అవును అమ్మమ్మా."

"ఇప్పుడు డ్రోన్ చూసింది చాలక మనిషెక్కుతాడా?"

"అవును అమ్మమ్మా."

"మరి మనిషి చూసింది చాలకపోతేనో?"

ఈ ప్రశ్న మీకే పంపుతున్నాను. జవాబు ఉంటే రాయండి.

ఇట్లు,
ఇంకా ఓపికతో,
జ్యోత్స్న.

తా.క. ప్రత్యేక కారణం లేదని రాశారు. నేను అడగలేదండీ. కాన్వెంటులో మా సిస్టర్లు మాకు రెండు నేర్పారు. అడిగినదానికే జవాబు చెప్పాలి. పూర్తి వాక్యంలో చెప్పాలి. మీరు రెండోది బాగా పాటిస్తున్నారు.

•

తాడేపల్లిగూడెం,
జూన్ 18.

పరమ గౌరవనీయ కస్టమర్ జ్యోత్స్న మేడమ్ గారికి,

వినమ్ర నమస్కారాలు.

వెంకటనరసమ్మ గారి ఫోటో తీసేశాం మేడమ్. మా సాఫ్ట్‌వేర్‌ను మందలించాం. ఆవిడ జుట్టు సహజంగానే నలుపని సవరించిన రిపోర్టులో రాశాం. ఆ ముక్క చూపిస్తే ఆవిడకు సంతోషంగా ఉంటుంది.

రెండో లీకేజీ మీద మా నిపుణుల బృందం లోతుగా చర్చించింది. బరువైన గూడబాతు ఏదైనా వాలినప్పుడు పెంకు పగిలి ఉండవచ్చని తేలింది. కొల్లేరు గూడబాతులు ఎంత బలిష్ఠంగా ఉంటాయో మీకు తెలియనిది కాదు. ఈ విషయంలో కంపెనీకి ఎటువంటి సంబంధమూ లేదని సవినయంగా మనవి. అడగకపోయినా ముందుగా చెబుతున్నాను.

లీకేజీ రిపోర్టులో లేదన్నారు. మా నిబంధనల్లో చిన్న అక్షరాల్లో స్పష్టంగా ఉంది మేడమ్: "కప్పు పైన ఉన్నది మాత్రమే కంపెనీ పరిధి. కప్పు కింద ఉన్నదానితో కంపెనీకి ఏ సంబంధమూ లేదు, ఉండబోదు."

మీ అమ్మమ్మ గారి ప్రశ్న చాలా లోతైనది. దానికి సమాధానం కప్పు ఎక్కాకే చెప్పగలం. మా మనిషి చెప్పులు విప్పి, పిల్లిలా ఎక్కుతాడు. ఏ రోజు రమ్మంటారు? రేపైనా పరవాలేదు. ఈ ఉత్తరం అందేసరికి రేపు దాటిపోతే ఆ మర్నాడు.

సదా, సర్వదా మీ సేవలో,
శ్రీహరి, ప్రొప్రయిటర్.

తా.క. ఒక చిన్న మార్కెట్ సర్వే. ఈమధ్య మీ చుట్టుపక్కల ఎవరైనా నల్లగా, నాలుగు రెక్కలతో ఉన్న వస్తువు ఏదైనా గురించి మాట్లాడుకున్నారా? ఊరికే, సర్వే కోసం.

•

గుండుగొలను,
జూన్ 23.

శ్రీహరి గారికి,

నమస్కారాలండీ.

ముందు మీ సర్వే. అలాంటి వస్తువు గురించి మా చుట్టుపక్కల ఎవరూ మాట్లాడుకోలేదు. అమ్మమ్మా నేనూ అసలే మితభాషులం.

నిన్న మధ్యాహ్నం మళ్ళీ ఒక చిన్న వాన పడింది. గిన్నెలు చాలక అన్నం వార్చుకునే తపేలా కూడా తెచ్చాను. పుస్తకాలను గోడవారకు జరిపి పాత గొడుగులు పట్టించాను. చూడడానికి వాళ్ళంతా బస్సు కోసం నిలబడ్డట్టుంది. సరిగ్గా అప్పుడే తాతాజీ గారు వచ్చారు. ఆయనకు వాన వాసన కన్నా మా తపేలా చప్పుడు ముందు వినిపిస్తుంది.

"అయ్యయ్యో, చూశారా కృపమ్మ గారూ. నేను చెబుతూనే ఉన్నానండీ. ఈ గదిలో ఎన్ని బస్తాలు... ఎన్ని పుస్తకాలు తడిసిపోతున్నాయో!"

"కూర్చోండి తాతాజీ గారూ, కాఫీ తాగుదురుగాని. ఆ పక్కకు జరగండి, అక్కడ కారుతుంది."

"మీ మాట కోసమే చూస్తున్నానండీ. రిపోర్టేమొచ్చింది?"

"కప్పు చాలా తెల్లగా ఉందని వచ్చిందండీ" అంది అమ్మమ్మ.

ఆయన కూర్చున్నంతసేపూ కళ్ళతోనే గది కొలుస్తూ ఉన్నారు. పోతూ పోతూ మీ డ్రోన్ గురించి అడిగారు. "అది తిరిగిన పూట నా చెరువు మీద ఒక్క పక్షి వాలితే ఒట్టమ్మా. మళ్ళీ ఎప్పుడొస్తుంది?" తెలియదన్నాను. ఆ రోజు ఆయన కాపలా మనిషి తారాజువ్వతో చాలా పెద్ద నీటికాకినొకదాన్ని కొట్టాడట. అది మా కప్పు వైపు ఒరుగుతూ వెళ్ళి మరి కనబడలేదట. ఊళ్ళో ఎవరడిగినా దాని రెక్కలు చేతులు చాచి చూపిస్తున్నాడట. రోజురోజుకీ చేతులు సాగుతున్నాయట. మీ నిపుణుల బృందానికి పనికివస్తుందేమోనని రాస్తున్నాను. గూడబాతు మీద అనవసరంగా నింద పడడం నాకు ఇష్టం లేదు.

మీ కరపత్రం వెనక "మా వల్ల పెంకు పగిలితే కొత్త పెంకు మేమే వేస్తాం" అని పెద్ద అక్షరాల్లోనే ఉంది. అయితే పగలగొట్టింది పక్షి అని మీరు తేల్చారు కాబట్టి పక్షినే అడగాలి. దానికి చిరునామా దొరకడం లేదు.

కప్పు ఎక్కడం గురించి అమ్మమ్మ ఆలోచించి ఒక షరతు చెప్పింది. "ఊరికే ఎక్కి చూసి దిగేవాళ్ళు వద్దు. ఎక్కినవాళ్ళు పగిలిన పెంకు తీసి మంచి పెంకు వేసి దిగాలి. ఒక్క పెంకు కాదు, బీటలున్నవన్నీ." చిన్న కంపెనీ మీద ఇంత భారం వేయడం భావ్యం కాదని నేను చెప్పాను. "మనం ఎక్కమనలేదుగా" అంది.

పెద్ద వానలు ఈ వారమో, వచ్చే వారమో అంటున్నారు.

ఇట్లు,
గొడుగుల మధ్య నుంచి,
జ్యోత్స్న.

తా.క. వెంకటనరసమ్మ గారు మీ సవరించిన రిపోర్టుకు లామినేషన్ చేయించుకున్నారు.

•

తాడేపల్లిగూడెం,
జూన్ 26.

ప్రియాతిప్రియమైన కస్టమర్ జ్యోత్స్న మేడమ్ గారికి, పూజ్యులైన కృపమ్మ గారికి,

శుభం!

అమ్మమ్మ గారి షరతుకు డేగకన్ను కుటుంబం సంతోషంగా ఒప్పుకుంటోంది. కప్పు అంతా చేయిస్తాం! పెంకులు మావే, మేస్త్రీ మావాడే, కూలీలు మావాళ్ళే. ఇది కేవలం సద్భావన. కాపలా మనిషి గారి నీటికాకికీ దీనికీ లంకె పెట్టవద్దని ప్రార్థన.

మా మేస్త్రీకి గట్టిగా చెప్పాను. బీటలున్నవే కాదు, ఒక్కొక్క పెంకూ ఎత్తి, కింద చూసి, మళ్ళీ సర్దాలని. చూరు పట్టీ, నీళ్ళ దోనె, మూలమూలలు, ఏదీ వదలకూడదని. సోమవారం పొద్దున్నే దిగుతారు. కాఫీ, టిఫిను ఏర్పాట్లు పెట్టుకోవద్దు.

మీ సేవలో తలమునకలై,
శ్రీహరి, ప్రొప్రయిటర్.

తా.క. పనిలో పనిగా మీ వెనక పెరట్లో పొదలూ, చెరువులో గట్టు వార గుర్రపుడెక్కా కూడా ఎత్తి చూస్తారు. కప్పుకూ గుర్రపుడెక్కకూ శాస్త్రీయమైన సంబంధం ఉంది.

•

గుండుగొలను,
జులై 5.

శ్రీహరి గారికి,

నమస్కారాలండీ.

పని పూర్తయింది. కృతజ్ఞతలు చెప్పడానికి రాస్తున్నాను. ఈసారి వ్యంగ్యం ఏమీ లేదు, ఉన్నట్టు అనిపిస్తే అది అలవాటు వల్ల.

మీ మేస్త్రీ మీరు చెప్పినట్టే చేశాడు. ప్రతి పెంకూ ఎత్తాడు. కింద చూశాడు. కొన్నిటిని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. పెంకులో ఏం వినిపిస్తుందని అమ్మమ్మ అడిగితే "ఆయ్, ఏం లేదండీ, మా ఓనరు గారు జాగ్రత్తగా చూడమన్నారండీ" అన్నాడు. బీటలున్న పెంకులన్నీ దింపి కొత్త బంగాళా పెంకులు వేశారు. పుచ్చిన వాసం ఒకటి మార్చారు. నీటికాకుల సున్నం గీకి కడిగారు. దోనెలో మా తాతయ్య కాలం నాటి రబ్బరు బంతి దొరికితే మీవాళ్ళు అరిచిన అరుపుకు వెంకటనరసమ్మ గారు పరుగెత్తుకొచ్చారు. బంతి అని తెలిశాక వాళ్ళ మొహాలు చూడలేకపోయాను. బంతి మాత్రం అమ్మమ్మ దాచుకుంది.

గుర్రపుడెక్క కూడా చాలావరకు తీశారు. తాతాజీ గారు గట్టు మీద నిలబడి, తన చెరువును ఎవరో ఉచితంగా శుభ్రం చేస్తుంటే చూస్తుండిపోయారు. ఎవరు పంపారని మాత్రం అడగలేదు. తెలివైనవారు.

చివర్లో మీ మేస్త్రీని నేనే పిలిచాను. నేను ఒక కొత్త మనిషిని పిలవడమంటే అమ్మమ్మ ఆశ్చర్యపోయింది. "లోపలికి వచ్చి పుస్తకాల గది కూడా ఒకసారి చూస్తారా అండీ" అని అడిగాను. ఆయన చేతులు జోడించి "వద్దమ్మా. కప్పు కిందది మన పరిధి కాదు, అడుగు పెట్టొద్దని ఓనరు గారు మరీ మరీ చెప్పారమ్మా" అన్నాడు. నిబంధనలంటే ఇంత గౌరవం ఈ రోజుల్లో అరుదు.

మొన్న పెద్ద వాన పట్టింది. మీ గూడెంలోనూ పడే ఉంటుంది. రెండు పూటలూ ఎడతెరిపి లేదు. నేను పుస్తకాల గదిలోనే కూర్చున్నాను. గిన్నెలు మూడూ పొడిగా ఉన్నాయి. చప్పుడు లేక అమ్మమ్మకు నిద్ర పట్టలేదట.

వాన వెలిశాక తాతాజీ గారు వచ్చారు. గుమ్మంలోనే ఆగి, పైకి చూసి, చెవి ఒగ్గి విన్నారు.

"కారడం లేదేంటండీ?"

"లేదండీ. కాఫీ తాగండి."

"మరి తవుడు..."

"తవుడు మీ గట్టు మీదే పెట్టుకోండి తాతాజీ గారూ. మా పుస్తకాలకు తణుకు నీళ్ళు పడవు."

ఆయన కాఫీ సగం వదిలేసి వెళ్ళడం నేను చూడడం ఇదే మొదటిసారి.

మీ కరపత్రం మళ్ళీ అచ్చు వేయిస్తే ఈ మాటలు కలపవచ్చు. నేను ప్రశంసగానే రాస్తున్నాను. డ్రోన్ కప్పును చూస్తుంది కానీ కారడాన్ని చూడదు, ముందు పగటిపూట గదిలో చీకటి చేసుకుని పైకి చూడండి. చూసేవాడూ బాగుచేసేవాడూ ఒకడే అయితే అంత పెద్ద జబ్బు నిజంగా ఉందో లేదో ఇంకొకడిని అడగండి. (మీ విషయంలో ఇది తిరగబడింది. జబ్బు మాది, ఖర్చు మీది.) పొరుగువాళ్ళకు ముందే చెప్పండి, తలకు రంగు వేసుకునే రోజు కాదేమో కనుక్కోండి. చేపల చెరువు పక్కనైతే కాపలా మనిషికి అందరికన్నా ముందు చెప్పండి. ఎగిరేదల్లా అతనికి నీటికాకే.

ఇట్లు,
పొడిగా,
జ్యోత్స్న.

తా.క. అన్నట్టు, మీరు ఏదైనా అడగదలుచుకుంటే అడగండి. పొడవైన ప్రశ్న అక్కర్లేదు.

•

తాడేపల్లిగూడెం,
జులై 10.

జ్యోత్స్న గారికి,

నమస్తే.

కప్పు కారడం లేదని తెలిసి సంతోషం. మేస్త్రీ బిల్లు నా టేబులు మీద ఉంది. దాన్ని చూస్తూనే మీకు రాస్తున్నాను.

ఇక దాచి లాభం లేదండీ. డేగకన్ను కుటుంబం, నిపుణుల బృందం అని రాస్తూ వచ్చాను. డేగకన్ను కుటుంబం అంటే నేను, అభినవ్, ఆ డ్రోన్. ప్రస్తుతం నేను, అభినవ్. మాకున్నది ఒక్కటే డ్రోన్. అది మీ ఇంటి మీద ఉండగా పెద్ద చప్పుడైంది, స్క్రీన్ గిర్రున తిరిగింది, ఆ మసక ఫోటో వచ్చింది, ఆగిపోయింది. అభినవ్ కింద ఎంత వెతికినా కనబడలేదు. అడగడానికి భయపడ్డాడు. నేను అడిగితే "పడని డ్రోన్" అన్న కరపత్రం ఏం కావాలి? వెయ్యి కాపీలు వేయించాను.

కప్పు మీద లేదు. దోనెలో లేదు. పొదల్లో లేదు. గుర్రపుడెక్కలో లేదు. భీమడోలులో ఒక కోళ్ళఫారం వాళ్ళు కప్పు చూడమని పిలిచారు. జ్వరమని చెప్పి తప్పించుకున్నాను. డ్రోన్‌కు జ్వరమని.

మీరు చదువుకున్నవారు. తప్పుంటే క్షమించండి.

శ్రీహరి.

తా.క. మా డ్రోన్ ఎక్కడుందో మీకు గానీ తెలుసా అండీ?

•

గుండుగొలను,
జులై 14.

శ్రీహరి గారికి,

నమస్కారాలండీ.

మీ డ్రోన్ ఎక్కడుందో నాకు తెలుసు.

ఇక్కడితో ఆపితే మా సిస్టర్లు మెచ్చుకుంటారు. అమ్మమ్మ ఒప్పుకోవడం లేదు. "ఆ అబ్బాయి ఉన్న మాట ఒప్పుకున్నాడు. ఇంకా ఏడిపించకే" అంటోంది. ఇన్నాళ్ళూ ఆవిడ కూడా ఏమీ తక్కువ తినలేదని మీకు తెలియాలి.

ఆ రోజు అభినవ్ గారు గేటు దగ్గర నిలబడి ఉంటే నేను తలుపు వెనకే ఉన్నాను. ఆయన అడుగుతారని చూశాను. నాకై నేను వెళ్ళి చెప్పేంత ధైర్యం నాకు లేదు. ఆయన అడగలేదు. తర్వాత మీరు మూడు ఉత్తరాలు రాశారు, సర్వే కూడా చేశారు, ఈ ఒక్క మాట అడగలేదు. నలుగురూ మాట్లాడుకున్నారా అని అడిగారు. మాట్లాడుకోలేదు. మీ మేస్త్రీని గదిలోకి రమ్మన్నాను. ఆయన రాలేదు. కప్పు కింద ఉన్నదానితో మీకు సంబంధం లేదు, ఉండబోదు అని మీరే రాశారు.

ఆఖరి ఫోటోలో మీరు పీకించి పారేయమన్న పలకలు మా తాతయ్య నిఘంటువులు. ఫోటో నిజానికి మసకగా లేదు. పెంకు పగలగొట్టుకుని మీ డ్రోన్ గదిలో పడ్డప్పుడు దుమ్ము లేచింది.

అభినవ్ గారిని పంపండి. ఈసారి మంచినీళ్ళు తాగి వెళ్ళాలని అమ్మమ్మ మాట. భీమడోలు కోళ్ళఫారం వాళ్ళకు జ్వరం తగ్గిందని చెప్పండి. ఒక రెక్క కొద్దిగా వంగింది. మిగతాది బాగానే ఉన్నట్టుంది.

ఇట్లు,
జ్యోత్స్న.

తా.క. మీ డ్రోన్ అభినవ్ గారు వచ్చిన రోజు నుంచీ మా పుస్తకాల బీరువా మీద, అమ్మమ్మ అల్లిన క్రోషియా గుడ్డ కింద ఉంది.